నరకభీతిని జయించిన ధ్యానయోగి హకుయిన్

జపాన్‌లో డిసెంబరు మాసమంటే ఎముకలు కొరికే చలికాలం. ఆ నెల ఒకటో తేదీన అక్కడి జెన్ మఠాలలో ఒక మహాదీక్ష ఆరంభమవుతుంది. ఎనిమిదో తేదీ వేకువ వరకు సాగే ఆ దీక్షలో పగలూ రాత్రీ అన్న లెక్క లేదు. వారం రోజులనూ కలిపి ఒకే ఒక్క దినంగా భావిస్తారు. అనేక మఠాలలో సాధకులు ఆ వారమంతా పడక పరచరు. కూర్చున్న ఆసనం మీదనే కాసేపు కునుకు తీసి మళ్లీ ధ్యానంలో ప్రవేశిస్తారు. బోధివృక్షం కింద కూర్చున్న సిద్ధార్థుడు వేకువన వేగుచుక్కను చూసిన క్షణంలో బుద్ధుడయ్యాడని వారి విశ్వాసం. మనం వైశాఖ పూర్ణిమనాడు స్మరించుకునే ఆ ఘట్టాన్ని జపనీయులు పన్నెండో నెల ఎనిమిదో రోజున స్మరిస్తారు. ఆ రోజుకు రొహత్సు అని పేరు. ఆ దీక్షను రొహత్సు సెష్షిన్ అంటారు. చెదిరిన చిత్తాన్ని ఒక్కచోట కూడగట్టడమే సెష్షిన్ అన్న మాటకు అర్థం.

జెన్ అనే పదం మనకు పరాయిది కాదు. సంస్కృతంలోని ధ్యానం చైనాకు చేరి చాన్ అయింది, జపాన్‌కు చేరి జెన్ అయింది. ఈ విద్యను చైనాకు మోసుకువెళ్లిన బోధిధర్ముడు దక్షిణ భారతదేశపు రాజకుమారుడని వారి సంప్రదాయం చెబుతుంది. అంతకంటే ముందున్న భారతీయ గురువుల వరుసలో పద్నాలుగో వాడిగా వారు ఆచార్య నాగార్జునుడిని లెక్కిస్తారు. మన కృష్ణాతీరంలోని నాగార్జునకొండకు ఆ పేరు ఎవరిని బట్టి వచ్చిందో తెలుగువారికి చెప్పనవసరం లేదు.

ఇంత ప్రాచీనమైన పరంపర పద్దెనిమిదో శతాబ్ది నాటికి జపాన్‌లో చాలావరకు శుష్కించింది. మఠాలున్నాయి, ఆచారాలున్నాయి, శాస్త్రచర్చలూ ఉన్నాయి. నిప్పు మాత్రం నివురు కింద ఉండిపోయింది. దాన్ని మళ్లీ రగిలించినవారు హకుయిన్ ఎకాకు. నేడు రింజాయ్ శాఖకు చెందిన జెన్ గురువులందరి పరంపరా ఆయన దగ్గరకే చేరుతుంది. అంతటి మహనీయుడి సాధన భక్తితో మొదలు కాలేదు, జిజ్ఞాసతోనూ మొదలు కాలేదు. భయంతో మొదలైంది.

స్నానాల తొట్టిలో కేకలు

ఫుజి పర్వతపాదంలో, తొకాయిదో రాజమార్గం మీద హరా అనే చిన్న ఊరు ఉంది. ఎదో నగరానికి, క్యోతో నగరానికి మధ్య ప్రయాణించేవారు గుర్రాలు మార్చుకునే మజిలీ అది. ఆ ఊళ్లో సత్రం నడిపే కుటుంబంలో 1686 జనవరిలో ఐదుగురు బిడ్డలలో చివరివాడుగా ఆయన జన్మించారు. ఇవాజిరో అని పేరు పెట్టారు. తల్లి మహాభక్తురాలు. సద్ధర్మ పుండరీక సూత్రాన్నే సర్వస్వంగా భావించే నిచిరెన్ శాఖను ఆమె అనుసరించేది.

పదేళ్లు దాటీ దాటని వయసులో ఆమె కుమారుడిని ఒక ప్రవచనానికి తీసుకువెళ్లింది. వక్త ఆనాడు నరకాల గురించి చెప్పాడు. సలసల కాగే జ్యోతుల్లో పాపులను ఉడికించడం, మంచు నరకాలలో గడ్డకట్టించడం, ఇలా ఒక్కొక్క యాతననూ కళ్లకు కట్టాడు. మన ఇళ్లలోనూ చిన్నపిల్లలు గరుడపురాణం వింటున్నప్పుడు పెద్దలు వారిని పక్కగదిలోకి పంపడం పరిపాటి. ఆ తల్లికి అది తోచలేదు. బాలుడు గడగడ వణుకుతూ ఇంటికి వచ్చాడు. తాను ఆడుతూ చంపిన పురుగులు, పక్షిపిల్లలు అన్నీ గుర్తుకు వచ్చాయి. కుంభీపాకం తనకు తప్పదని నిశ్చయించుకున్నాడు.

కొన్నాళ్లకు తల్లితో కలిసి స్నానానికి వెళ్లాడు. నీళ్లు ఇంకా వేడి కావాలని ఆమె చెప్పగా పనిమనిషి తొట్టి కింద కట్టెలు ఎగదోసింది. మంటలు గర్జించాయి. తొట్టిలోని నీరు సుడులు తిరిగింది. అంతే, నరకద్వారం తెరుచుకుందనుకుని బాలుడు ఊరంతా వినబడేలా ఏడ్వసాగాడు. తల్లి ఎంత అడిగినా మొదట కారణం చెప్పలేదు. చివరకు నరకం తప్పించుకునే ఉపాయం ఏమిటని ఆమెనే అడిగాడు. ఆమె తెంజిన్ అనే విద్యాదేవతను కొలవమని చెప్పింది. ఆనాటినుంచి ఆ పసివాడు తెల్లవారకముందే లేచి పూజ చేయసాగాడు.

ఇంకొకసారి ఊళ్లో బొమ్మలాట ఆడారు. పూర్వకాలపు నిచిరెన్ సాధువు ఒకరిని అధికారులు నెత్తిన కాలిన ఇనుపపాత్ర బోర్లించి హింసించినా ఆయన చలించలేదన్నది కథ. బాలుడికి ఆశ చిగురించింది. భక్తిగా పారాయణ చేసి, శక్తి వచ్చిందో లేదో చూద్దామని ఇనుపచువ్వ కాల్చి తొడకు ఆనించుకున్నాడు. చర్మం బొబ్బలెక్కింది. పారాయణ ఒక్కటే తనను నిప్పునుంచి కాపాడదని ఆ పిల్లవాడు తెలుసుకున్నది అలాగ. సన్యసించడమే శరణ్యమని తల్లిదండ్రులను వేడుకున్నాడు. వారు ఒకపట్టాన ఒప్పుకోలేదు. 1699లో ఊళ్లోనే ఉన్న షోయిన్‌జీ అనే చిన్న దేవాలయంలో శిరోముండనం జరిగి ఎకాకు అనే దీక్షానామం లభించింది.

సన్యాసం ఇచ్చారు గానీ శాంతి రాలేదు. తల్లి పూజించే సద్ధర్మ పుండరీక సూత్రాన్ని శ్రద్ధగా చదివితే అందులో కథలు, ఉపమానాలు తప్ప మరేమీ కనిపించలేదు. తరువాత ఒక పాఠశాలలో గాన్‌తో అనే చైనా మహాగురువు చరిత్ర విన్నారు. దొంగలు ఆయనను కత్తికి బలిచేశారు. ఆయన మరణవేళ పెట్టిన కేక ఎన్నో క్రోసుల దూరం వినిపించిందట. అంతటి జ్ఞానికే దొంగల కత్తి తప్పకపోతే నాకు యమకింకరులు ఎలా తప్పుతారన్న ప్రశ్న యువకుడిని కుంగదీసింది. మూడురోజులు అన్నం సహించలేదు. సాధన మీద విశ్వాసం పోయి కవిత్వం, చిత్రలేఖనం వైపు మళ్లారు.

1704లో ఆయన మినో ప్రాంతంలో ఒక కవిపండితుడైన సన్యాసి వద్ద ఉన్నారు. ఒకనాడు ఆ మఠంలోని గ్రంథాలన్నీ ఆరుబయట ఎండబెట్టారు. తనకు దారి చూపమని దేవతలను ప్రార్థించి, కళ్లు మూసుకుని ఆ కుప్పలోంచి ఒక గ్రంథం తీశారు. చైనా జెన్ గురువుల సాధనలను కూర్చిన గ్రంథమది. తెరిచిన పుటలో, రాత్రి ధ్యానంలో నిద్ర ముంచుకొస్తే సూదిమొనతో తొడను గుచ్చుకుని మేల్కొన్న ఒక సాధకుడి వృత్తాంతం ఉంది. ఆ క్షణంలో నిర్ణయం జరిగిపోయింది. ఆ ఏడాదే తల్లి కన్నుమూసింది. కొడుకు వెనుదిరగలేదు.

గెలుపు, దాని వెంటే గర్వం

1707 డిసెంబరులో ఫుజి పర్వతం బద్దలైంది. ఆ కొండ చరిత్రలో అంతటి విస్ఫోటనం ఆ తరువాత మళ్లీ జరగలేదు. భూమి కంపించి షోయిన్‌జీ కప్పు ఊగిపోతుంటే అందరూ పొలాల్లోకి పరుగెత్తారు. హకుయిన్ ఒక్కరే మందిరంలో కూర్చుండిపోయారు. తన సాధన పక్వమైతే దైవం కాపాడుతుందని, కాకుంటే కూలిన దూలాల కింద పోతానని సంకల్పించుకున్నారు. ఆయనకు చిన్న గాయమైనా కాలేదు. ఈ మొండితనాన్ని మెచ్చుకోవాలో, చీవాట్లు వేయాలో ఈ రచయితకు ఇప్పటికీ తేలలేదు.

మరుసటి సంవత్సరం ఎచిగో ప్రాంతంలోని ఎయిగన్‌జీకి వెళ్లారు. అప్పుడు ఆయన పట్టిన కోఆన్ ము. కోఆన్ అంటే తర్కానికి లొంగని ప్రశ్న. కుక్కలో బుద్ధస్వభావం ఉందా అని అడిగిన శిష్యుడికి జోషు అనే చైనా గురువు లేదు అనే అర్థమిచ్చే ము అన్న ఒక్క అక్షరంతో బదులిచ్చాడు. అన్ని ప్రాణులలోనూ బుద్ధస్వభావం ఉందని శాస్త్రం చెబుతుంటే ఆయన లేదన్నాడేమిటి? సాధకుడు ఆ అక్షరాన్ని మింగలేడు, కక్కలేడు. మనవారికి ఉపనిషత్తులలోని నేతి నేతి మార్గం స్ఫురించవచ్చు. పోలిక కొంతవరకే సరిపోతుంది. అక్కడ విచారణ ఉంది, ఇక్కడ విచారణ కూడా అడుగంటిపోవాలి. హకుయిన్ ఒక మందిరంలో ఏకాంతంగా కూర్చుని నిద్రాహారాలు మరిచారు. మంచుమైదానం నడుమ నిలువునా గడ్డకట్టినట్లయింది. ఒక వేకువన ఎక్కడో దేవాలయ గంట మోగింది. మంచు పగిలింది. గాన్‌తో చావనే లేదని, ఇన్నాళ్లూ తనను వేధించిన ప్రశ్నకు పునాదే లేదని అనుభవమైంది.

వెంటనే గర్వం తలకెక్కింది. మూడువందల ఏళ్లలో తనవంటి సిద్ధి ఎవరికీ కలగలేదని భావించారు. అదృష్టవశాత్తు ఒక సహసాధకుడు ఆయనను షినానో ప్రాంతంలోని ఈయమా గ్రామానికి తీసుకువెళ్లాడు. అక్కడి కొండవాలులో షోజు అనే వృద్ధగురువు లోకానికి దూరంగా ఉండేవారు. హకుయిన్ తన అనుభవాన్ని పద్యంలో రాసి సమర్పిస్తే ఆయన దాన్ని పక్కకు నెట్టి, ఇది నీవు చదువుకున్నది, నీవు కన్నదేమిటని నిలదీశారు. ము గురించి ప్రశ్నించగా, అందులో చేయి పెట్టడానికి చోటే లేదని యువకుడు జవాబిచ్చాడు. ముసలి గురువు చటుక్కున అతడి ముక్కు పట్టి మెలిపెట్టి, చేయి పెట్టడానికి ఇక్కడ చోటుందిగదా అని నవ్వారు.

ఆ తరువాతి ఎనిమిది మాసాలు తిట్లు, దెబ్బలు. ఒకరోజు అరుగు మీదనుంచి బురదలోకి నెట్టివేశారు కూడా. మరొకరోజు హకుయిన్ ఊళ్లోకి భిక్షకు వెళ్లి ఒక ఇంటిముందు నిలబడ్డారు. మనసంతా కోఆన్‌లో లగ్నమై ఉంది. వెళ్లిపొమ్మని ఇంటి ముసలమ్మ అరిచినా వినిపించలేదు. ఆమె కోపంతో చీపురు తిరగేసి తల మీద బాదింది. స్పృహ తప్పి పడిపోయారు. తెలివి వచ్చేసరికి, అంతవరకు కొరుకుడుపడని కోఆన్‌లు చేతిలో ఉసిరికాయలా స్పష్టమయ్యాయి. తిరిగివచ్చిన శిష్యుడి ముఖం చూడగానే షోజు గ్రహించారు. అయితే ఇంతటితో తృప్తి పడవద్దని, శిష్యసంఖ్య కోసం పాకులాడక నిజమైన సాధకులను ఒకరిద్దరిని తయారుచేసినా చాలునని బోధించి పంపారు. ఆ గురుశిష్యులు మళ్లీ కలుసుకోలేదు.

వెన్నముద్ద చికిత్స

దీక్షాధారులు ప్రత్యేకంగా గమనించవలసిన ఘట్టం ఇక్కడ వస్తుంది. హద్దులేని తపస్సుకు శరీరం ఎదురుతిరిగింది. తల మండిపోయేది. కాళ్లు మంచునీటిలో పెట్టినట్లు చల్లబడేవి. చెవులలో ఏటిహోరు. చీటికిమాటికి భయం, కళ్లవెంట నీరు, లేని ఆకారాలు కనిపించడం. దీనికి జెన్ వ్యాధి అని పేరు. వైద్యులు చేతులెత్తేశారు. సాధకుడిని సాధనే తినేసే స్థితి అది.

క్యోతో సమీపంలోని షిరకావా కొండలలో హకుయూ అనే యోగి గుహలో ఉంటాడని విని హకుయిన్ ఆయనను ఆశ్రయించారు. ఊర్ధ్వంగా ఎగిసిన ప్రాణాగ్నిని నాభికి దిగువకు, అరికాళ్లకు దింపాలని ఆ యోగి బోధించాడు. మరొక భావనను కూడా నేర్పాడు. సువాసన గల స్వచ్ఛమైన వెన్నముద్ద, బాతుగుడ్డంత పరిమాణంలో, నడినెత్తిన ఉన్నట్లు భావించాలి. అది మెల్లగా కరిగి తల తడుపుతూ, భుజాలమీదుగా, ఊపిరితిత్తులు, కాలేయం, ఉదరం, వెన్నెముక అన్నింటినీ సేదదీరుస్తూ అరికాళ్ల వరకు దిగుతుంది. ఈ భావన నిత్యం చేయగా తనకు స్వస్థత చేకూరిందని హకుయిన్ 1757లో ప్రచురితమైన యాసెన్ కన్నా అనే గ్రంథంలో వర్ణించారు. హకుయూ అనే వ్యక్తి నిజంగానే ఉన్నాడు గానీ, ఈ సమావేశం జరిగినట్లు చెప్పిన సంవత్సరానికి ముందే ఆయన మరణించాడని పరిశోధకులు అంటారు. కనుక ఇది కథారూపమైన బోధ కావచ్చు. ఏదేమైనా, అతిసాధన వల్ల కలిగే ముప్పును దాచిపెట్టకుండా, తన దేహాన్నే ఉదాహరణగా చూపి శిష్యులను హెచ్చరించిన గురువులు అరుదు.

చీమిడి గోడల మందిరం

తండ్రి జబ్బుపడ్డారన్న వార్త 1716లో ఆయనను హరాకు రప్పించింది. తాను ముండనం చేయించుకున్న షోయిన్‌జీ శిథిలమై ఉంది. కప్పులోంచి నక్షత్రాలు కనిపించేవి. వానకాలంలో మందిరం లోపల కూడా గొడుగుటోపీ పెట్టుకుని, చెప్పులు వేసుకుని తిరగవలసి వచ్చేది. ఆస్తి అప్పులవారి చేతిలో ఉంది. 1717లో ఆ మందిర బాధ్యత స్వీకరించారు. మహానగరాల మఠాలు ఎన్ని ఉన్నా జీవితాంతం ఈ పల్లెనే కేంద్రం చేసుకున్నారు. 1718లో హకుయిన్ అనే పేరు ధరించారు.

1726లో ఒక శరదృతువు రాత్రి దీపం ముందు సద్ధర్మ పుండరీక సూత్రం చదువుతున్నారు. పదహారేళ్ల ప్రాయంలో కట్టుకథల పుస్తకమని విసిరేసిన గ్రంథమే అది, తల్లి నిత్యం కళ్లకద్దుకున్న గ్రంథమే అది. ఉపమానాల అధ్యాయం వద్దకు వచ్చేసరికి గోడ పునాదిరాళ్ల సందున కీచురాయి అరిచింది. ఒక్కసారిగా దుఃఖం పొంగుకొచ్చి ఆయన వెక్కివెక్కి ఏడ్చారు. ఇన్నేళ్లూ తాను నరకం తప్పించుకోవడానికే పరుగెత్తానని, తోటిప్రాణుల విముక్తికి పాటుపడటమే జ్ఞానానికి రెండో సగమని ఆ రాత్రి ఆయనకు బోధపడింది. ఆ తరువాతి నలభై రెండేళ్లూ ఆయన ఇతరులకోసమే బతికారు.

కీర్తి మెల్లగా పాకింది. 1740లో షోయిన్‌జీలో జరిగిన ఉపన్యాసాలకు సుమారు నాలుగు వందల మంది తరలివచ్చారు. చిన్న మందిరంలో చోటెక్కడిది? చుట్టుపక్కల పాడుపడిన గుడులలో, పశువుల కొట్టాలవంటి చోట్ల తలదాచుకుని, అరకొర తిండితో ఆయన వద్ద సాధన చేశారు.

సెష్షిన్ ఎలా జరుగుతుంది?

హకుయిన్ పరంపరలోని మఠాలలో నేటికీ సాగుతున్న ఆ సాధనాక్రమాన్ని కొంత వివరంగా తెలుసుకోవడం ఉచితం. వేసవిలో, శీతాకాలంలో రెండు శిక్షణకాలాలు ఉంటాయి. వీటికి మూలం వర్షాకాలంలో భిక్షువులు ఒకేచోట నివసించే భారతీయ నియమమే. మన పీఠాధిపతుల చాతుర్మాస్యమూ దానికి చుట్టమే. ఆ శిక్షణకాలాలలో వారం రోజుల సెష్షిన్‌లు జరుగుతాయి.

ధ్యానమందిరాన్ని జెండో అంటారు. అక్కడ కొలువైన మూర్తి మంజుశ్రీ, ప్రజ్ఞాస్వరూపుడు. రెండువైపులా పొడవైన అరుగుల మీద గడ్డిచాపలు పరచి ఉంటాయి. ఒక్కొక్కరికి ఒక చాప. కూర్చోవడానికీ, నిద్రకూ అదే. రింజాయ్ సాధకులు ఎదురెదురుగా కూర్చుంటారు, సోతో అనే మరో శాఖవారు గోడకు అభిముఖంగా కూర్చుంటారు. పద్మాసనం, నిటారైన వెన్ను, అరమోడ్పు కన్నులు. ఒక అగరువత్తి కాలిపోయేంతసేపు, అంటే దాదాపు నలభై నిమిషాలు, కదలిక ఉండరాదు. కొయ్యముక్కల చప్పుడుతో, చిన్నగంటతో ఆరంభ సమాప్తులను సూచిస్తారు. నడుమ కాళ్ల తిమ్మిరి వదిలేందుకు వరుసగా నడుస్తారు. ఆ నడక కూడా ధ్యానమే, మాట నిషిద్ధం.

వేకువన మూడు, నాలుగు గంటల మధ్య నిద్రలేపే గంట మోగుతుంది. సూత్రపారాయణ, గంజి ఫలహారం, ధ్యానం, గురూపదేశం, మళ్లీ ధ్యానం, ఇలా రాత్రి వరకు సాగుతుంది. కునికిపాట్లు పడేవారి భుజాల మీద చదునైన కర్రతో కొట్టడం ఈ పద్ధతిలో ప్రసిద్ధం. బయటివారు దీన్ని శిక్ష అనుకుంటారు. కొట్టేవాడూ, కొట్టించుకునేవాడూ ముందు వెనుక చేతులు జోడించి పరస్పరం నమస్కరించుకుంటారు. అలసినవారు తామే కోరి దెబ్బ తినడమూ కద్దు.

భోజనం మౌనంగా, ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలలో జరుగుతుంది. తినేముందు కొన్ని అన్నపు మెతుకులు తీసి ఆకలిగొన్న ప్రేతాలకు వేరుగా ఉంచుతారు. మన ఇళ్లలో భోజనానికి ముందు కాకిముద్ద, భూతబలి తీసిపెట్టే పెద్దలకు ఈ ఆచారం సొంతింటిదిలా తోస్తుంది. చివర గిన్నెలను వేడినీటితో కడుగుతారు, మెతుకు వృథా కాదు.

వీటన్నింటికీ గుండెకాయ వంటిది గురువుతో ఏకాంత సమావేశం. దానికి సన్‌జెన్ అని పేరు. రోజుకు పలుమార్లు పిలుపు వస్తుంది. శిష్యుడు తన వంతు రాగానే గంటకొట్టి, లోపలికి వెళ్లి సాష్టాంగపడి, తాను పట్టిన కోఆన్‌ను చెప్పి దానికి తన సమాధానం చూపాలి. పాండిత్యం చెల్లదు. గురువు చేతిగంట ఊపితే సమావేశం ముగిసినట్లే. ఒక్కోసారి శిష్యుడు నోరు తెరవకముందే ఆ గంట మోగుతుంది. నెలల తరబడి, ఏళ్ల తరబడి అదే గంట వినేవారున్నారు. హకుయిన్ అరవై దాటిన తరువాత ఆరంభకులకోసం తానే ఒక కోఆన్ కల్పించారు. రెండు చేతులు కలిస్తే చప్పట్లు, మరి ఒక్క చేతి ధ్వని ఏమిటి అన్నదే ఆ ప్రశ్న. లోకమంతా ఇప్పుడు దాన్ని చమత్కారంగా వాడుతోంది గానీ, దాని మీద కూర్చున్నవారికి అది చమత్కారం కాదు.

రొహత్సు వారంలో రాత్రికొక ఉపదేశం చొప్పున హకుయిన్ శిష్యులను ప్రోత్సహించేవారు. శిష్యుడు తోరెయి వాటిని భద్రపరిచాడు. అందులో చెప్పిన వృత్తాంతాలలో ఒకటి సన్యాసిది కాదు, గృహస్థుది.

ఇహరా ఊరివాడైన హెయిషిరో ఒక జలపాతం వద్ద ఫుదో దేవతామూర్తిని చెక్కించి ప్రతిష్ఠించాడు. కింద మడుగులో నీటిబుడగలు పుట్టి గిట్టడం చూశాడు. ఒకటి అడుగుదూరం, ఒకటి రెండుమూడు అడుగులు, మరొకటి ఇంకాస్త దూరం తేలి పగిలిపోతోంది. మనిషి బతుకూ ఇంతేగదా అన్న వైరాగ్యం కలిగింది. ధీరుడైనవాడికి బుద్ధత్వం ఒక్క తలపులోనే లభిస్తుందని ఎవరో చదువుతుండగా విన్నాడు. ఇంటికి వచ్చి స్నానాలగదిలో తలుపు బిగించుకుని, ధ్యానం ఎలా చేయాలో ఎవరూ నేర్పకుండానే కూర్చున్నాడు. రాత్రంతా ఆలోచనల తేనెటీగలతో పోరాటం. తెల్లవారి పిచ్చుకల కిచకిచలు వినేసరికి తన శరీరమే తనకు దొరకలేదు. మూడురాత్రులు ఇలా గడిచాక పెరటిచెట్లు కూడా కొత్తగా కనిపించాయి. తనకేమైందో ఊళ్లోని పూజారి చెప్పలేకపోయాడు. పల్లకీ ఎక్కి హకుయిన్ వద్దకు బయలుదేరాడు. దారిలో కనుమమీదనుంచి సముద్రాన్ని చూసి, తనకు కలిగినదేమిటో గురువును చేరకముందే గ్రహించాడు. హకుయిన్ పెట్టిన పరీక్షలన్నింటిలోనూ నెగ్గాడు. ఒక సంసారి మూడురాత్రులలో సాధిస్తే కాషాయం కట్టిన మీరేం చేస్తున్నారన్నది చలిలో వణుకుతున్న సన్యాసులకు ఆయన వేసిన చురక.

ఆయన శిష్యవర్గంలో స్త్రీలూ ఉన్నారు. హరా ఊరి అమ్మాయి సత్సు వారిలో ఒకరు. పిన్నవయసులోనే కోఆన్‌లు ఛేదించిన ఆమె, వృద్ధాప్యంలో మనుమరాలు చనిపోతే బిగ్గరగా రోదించిందట. జ్ఞానివి గదా, ఇదేమిటని పొరుగువాడు దెప్పిపొడిచాడు. ఆ పసిదానికి మంత్రాలకన్నా, ధూపదీపాలకన్నా తన కన్నీళ్లే మేలైన తర్పణమని ఆమె గద్దించి పంపింది.

జనశ్రుతిలో హకుయిన్ కథలు ఇంకా అనేకం. పెళ్లికాని ఒక పిల్ల తన బిడ్డకు తండ్రి ఆయనేనని చెబితే, ఆయన మారుమాటాడక బిడ్డను పెంచి, నిజం బయటపడ్డాక అంతే నిర్వికారంగా తిరిగి ఇచ్చారన్న కథ మన పత్రికలలోనూ పలుమార్లు వచ్చింది. స్వర్గనరకాలు ఉన్నాయా అని అడిగిన ఒక సమురాయ్ వీరుడిని ఆయన కావాలనే అవమానించారట. వీరుడు కత్తి దూయగానే నరకద్వారం తెరుచుకుందని చూపి, సిగ్గుపడి కత్తి ఒరలో పెట్టగానే స్వర్గద్వారం తెరుచుకుందని చూపారట. ఇవి చరిత్రకెక్కినవి కావు. అయినా రెండో కథలోని ప్రశ్న ఆ స్నానాలతొట్టి బాలుడు జీవితమంతా మోసిన ప్రశ్నే కావడం గమనార్హం.

దానికి ఆయన చేతిరాతలోనే మరింత బలమైన సాక్ష్యం ఉంది. హకుయిన్ ఎవరివద్దా చిత్రలేఖనం నేర్వలేదు. అయినా ఆయన గీసినవి, రాసినవి వెయ్యికి పైగా నేటికీ నిలిచి ఉన్నాయి. గుడ్లురిమి చూసే బోధిధర్ముడిని పదేపదే చిత్రించి రైతులకు, బాటసారులకు పంచిపెట్టారు. వృద్ధాప్యంలో రాసిన పెద్ద అక్షరాల పటాలలో ఒకటి, మన సంస్కృత నమః శబ్దం నుంచి వెళ్లిన నము అనే మాటతో మొదలవుతుంది. అందులో ఆయన నమస్కరించినది బుద్ధుడికి కాదు, ఏ దేవతకూ కాదు. నరకాన్నే మహాబోధిసత్వుడిగా సంబోధించి దానికి నమస్కరించారు.

సురుగా ప్రాంతంలో చెప్పుకోదగినవి రెండే, ఒకటి ఫుజి పర్వతం, రెండు హరా ఊరి హకుయిన్ అని జనం అనుకునే స్థాయికి ఆయన చేరారు. 1743లో వచ్చి చేరిన తోరెయి ఆయన ఆంతరంగికుడయ్యాడు. గురువులాగే అతడూ అతిసాధనతో మృత్యుముఖం వరకు వెళ్లి బయటపడ్డాడు. 1761లో మిషిమా వద్ద నెలకొల్పిన ర్యూతకుజీ మఠాన్ని హకుయిన్ అతడికే అప్పగించారు. 1769 జనవరి 18 తెల్లవారుజామున, ఎనభై మూడేళ్లు నిండబోతుండగా, షోయిన్‌జీలోనే నిద్రలో కుడివైపుకు ఒత్తిగిలి, ఒక్కసారి మూలిగి ఆయన దేహం చాలించారు. ఆయన సమాధి ఆ చిన్న ఊళ్లోనే ఉంది.

డిసెంబరు మొదటివారం రాత్రులలో రింజాయ్ మఠాల సాధకులు నేటికీ తోరెయి భద్రపరచిన ఆ ఉపదేశాలను రోజుకొకటిగా వింటారు. ఇహరా గృహస్థుడి కథ చెప్పే రాత్రి కూడా వస్తుంది. అది ముగిశాక మళ్లీ అగరువత్తి వెలిగిస్తారు, చిన్నగంట మోగుతుంది.